అమ్మ ముక్కు, టోపీ ఆయన గరిట

టీవీలో ఎవరైనా వంట చేస్తుంటే మా అమ్మ నోరు ఊరుకోదు. ఎనభైకి దగ్గర పడిన మనిషి, మోకాళ్ళు మాట వినడం మానేసి చాలా కాలమైంది, పొద్దున్న తిన్న టిఫిను ఏమిటో మధ్యాహ్నానికి గుర్తుండదు. కానీ తెల్లకోటు తొడుక్కున్న మనిషి గరిటతో కూర తీసి, నాలిక్కి తగిలించుకుని, కళ్ళు అరమూసి, మళ్ళీ అదే గరిట గిన్నెలో పెట్టాడంటే మాత్రం ద్వారకలో మా ఫ్లాటు నుంచి లిఫ్టు దాకా వినిపించేలా అరుస్తుంది. "నాకాడే! నాకి మళ్ళీ అందులోనే పెట్టాడే! ఉమా, చూశావుటే? ఎంగిలి మంగలం చేసి పారేశాడు వెధవ!" మా అమ్మాయి తార పదకొండో క్లాసు చదువుతోంది. తెలుగు బాగానే అర్థమవుతుంది గానీ జవాబు మాత్రం హిందీలోనో ఇంగ్లీషులోనో వస్తుంది. అది ఫోను మీంచి తల ఎత్తకుండా, "జూఠా హో గయా, సో వాట్, అమ్మమ్మా? హీ ఈజ్ ద చెఫ్," అంటుంది. "జూఠా వేరు, ఎంగిలి వేరు. మీ జూఠా కడిగితే పోతుంది," అంటుంది అమ్మ. ఈ వాదన మా ఇంట్లో వారానికి నాలుగుసార్లు జరుగుతుంది, ఎవరూ గెలవరు.

అరుపులన్నీ టీవీ మీదికే గానీ, అమ్మ స్వయంగా పొయ్యి దగ్గర నిలబడి ఏడాది దాటింది. కిందటి ఏడాది చలికాలంలో వచ్చిన జ్వరం మనిషిని వదిలింది గానీ పోతూ పోతూ ముక్కుని పట్టుకుపోయింది. వాసన అన్నది పూర్తిగా లేకుండా పోయింది. పాలు మాడి వంటిల్లంతా పొగ కమ్ముకున్నా పక్కనే కూర్చుని విష్ణు సహస్రనామం చదువుకుంటోంది. డాక్టరు చూసి, "వాసన తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. నాలిక మాత్రం బ్రహ్మాండంగా ఉంది ఆంటీ, ఉప్పూ కారం అన్నీ తెలుస్తాయి," అన్నాడు. అయితే ఏం లాభం? మా అమ్మ పుట్టి బుద్ధెరిగాక పొయ్యి మీద ఉన్నదాన్ని నాలిక్కి తగిలించి ఎరగదు. దేవుడికి మహానైవేద్యం పెట్టేదాకా మెతుకు నోట పెట్టకూడదు. ఉప్పు చాలిందో లేదో ఆవిరి వాసన చూసి చెప్పాల్సిందే. "ఉప్పు తెలియని చేత్తో దేవుడికేం పెట్టను?" అని గరిట నా చేతికిచ్చేసింది. రుచి చూస్తే ఏమవుతుందమ్మా అంటే, నన్ను పరాయిదాన్ని చూసినట్టు చూసింది. అప్పట్నుంచి సరిగ్గా తినడం కూడా మానేసింది. నా వంటకి వంక పెట్టదు. వంక పెట్టకపోవడమే నాకు భయంగా ఉండేది.

కిందటి నెల వంటింటికి కొత్త అల్మారాలు పెట్టిద్దామని వడ్రంగిని పిలిచాను. అతను పాత అటక మీద సామాను ఒక్కొక్కటే దింపుతూ, "దీదీ, యే భీ ఫేంక్ దూఁ?" అని, ఇదీ పారెయ్యనా అన్నట్టు ఒక అట్టపెట్టె చూపించాడు. మూల చిరిగి, రంగు వెలిసి, మీద బొమ్మలో ఒక ఆవిడ పెనం పట్టుకుని నవ్వుతోంది. మూత మీద నీలం సిరాతో అడ్డంగా ఒక సంతకం. తార లాక్కుని తెరిచింది. లోపల నాన్‌స్టిక్ పెనం, చుట్టిన కాగితం కూడా విప్పలేదు. "అమ్మా, ఇది వింటేజ్! ఎవరి సైన్?" అంది. అమ్మ హాల్లోంచే ఓరగా చూసి, "టోపీ ఆయనది," అని, మళ్ళీ టీవీ వైపు తిరిగిపోయింది. నేను మాత్రం ఆ పెట్టె మూత గబుక్కున మూసేశాను. ఆ పెనం వెనక నేను ముప్పై ఏళ్ళకు పైగా దాచిన తప్పొకటి ఉంది.

అప్పుడు మేం ఆర్.కె.పురం గవర్నమెంటు క్వార్టర్లలో ఉండేవాళ్ళం. రెండు గదులు, ఒక వరండా, వరండాలో డాల్డా డబ్బాలో కరివేపాకు మొక్క. ఆ మొక్క కోసం బ్లాకులో సగం మంది ఆడవాళ్ళు మా తలుపు తట్టేవాళ్ళు. ఎండాకాలం కూలరు గడ్డి తడిసి వచ్చే వట్టివేళ్ళ వాసన, మెట్ల మీద పక్కింటివాళ్ళ ఆవనూనె వాసన, వాటి మధ్య మా ఇంగువ తిరగమోత. కళ్ళు మూసుకుని మెట్లెక్కినా మా ఇల్లు ఎక్కడుందో తెలిసిపోయేది. అమ్మ అయిదింటికే స్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని, వంటింట్లో అడుగుపెట్టేది. ఎనిమిదిన్నరకి నాన్న ఆఫీసుకి వెళ్ళే చార్టర్డ్ బస్సు కాలనీ గేటు ముందు ఆగుతుంది. ఈలోపు పప్పు, కూర, చారు, అన్నం అన్నీ అయిపోవాలి, దేవుడికి చూపించాలి, నాన్న తినాలి, డబ్బా కట్టాలి. దేవుడంటే వేరే గది ఏమీ లేదు, వంటింటి అల్మారాలో పై అర. చారు తెర్లుతుండగా అమ్మ గిన్నె మీదికి వంగి, అరచేత్తో ఆవిరిని ఒక్కసారి తన వైపు లాక్కునేది. "చాల్లేదు," అని ఇంకో చిటికెడు వేసేది, లేదా "సరిపోయింది," అని మూత పెట్టేది. ఎప్పుడూ తప్పలేదు. లోకంలో అమ్మలందరూ ఇలాగే వండుతారనుకునేదాన్ని, ఎదురింటి సూద్ ఆంటీ గరిటెడు దాల్ సర్రున జుర్రి "హాయ్, నమక్ కమ్ హై," అని ఉప్పు చాల్లేదనడం చూసేదాకా.

మధ్యాహ్నం టీవీలో వంటల కార్యక్రమం వచ్చేది. పొడుగాటి తెల్లటోపీ పెట్టుకున్న ఒక చెఫ్, చక్కటి నవ్వు, చేతికి మెరిసే గడియారం. అమ్మ ఆయన్ని పేరుతో ఎప్పుడూ పిలవలేదు, టోపీ ఆయన అనే అనేది. అమ్మకి హిందీ కూరలవాడితో బేరమాడేంతవరకే వచ్చు కాబట్టి నేను స్కూలు నుంచి వచ్చి పక్కన కూర్చుని తెలుగులో చెప్పాలి. నాన్న ఆఫీసు డైరీ ఒకటి, పెన్సిలు ఒకటి పట్టుకుని చాప మీద కూర్చునేది, శ్రద్ధగా రాసుకునేది, రాసుకుంటూనే తిట్టేది. "గడియారం తియ్యకుండా పిండి కలుపుతున్నాడే! బియ్యం కడిగాడా? నువ్వు చూశావా? నేను చూడలేదు." ఆయన బల్ల మీద గాజు గిన్నెలు వరసగా ఉండేవి, ఒకదాంట్లో జీలకర్ర, ఒకదాంట్లో ఉప్పు, ఒకదాంట్లో తరిగిన ఉల్లిపాయ. అమ్మ వాటిని లెక్కపెట్టి నిట్టూర్చేది. "మొత్తం పద్దెనిమిది. ఇవన్నీ ఎవరు తోముతారే? ఆ తోమే తల్లిని ఒక్కసారన్నా చూపించడేం?" నిజం చెప్పొద్దూ, ఇన్నేళ్ళకీ ఏ వంట కార్యక్రమం చూసినా నా కళ్ళు ముందు ఆ గిన్నెల మీదికే పోతాయి.

నాకు మాత్రం టోపీ ఆయనంటే పిచ్చి. ఆయన ఉప్పు వేసే తీరు ఇప్పటికీ కళ్ళ ముందు కదులుతుంది. చెయ్యి తల కంటే ఎత్తుకి లేపి, వేళ్ళు ఆడిస్తూ, పైనించి జల్లుగా రాల్చేవాడు. నేను అద్దం ముందు నిలబడి పంచదారతో అభ్యాసం చేసేదాన్ని. చీమలు పట్టి అమ్మ చేత చీవాట్లు తిన్నాను. అమ్మకీ నాకూ ఆయన విషయంలో ఒక్క క్షణం పడేది కాదు. మగాడు అంత చక్కగా వంట చేస్తున్నాడు, గొప్ప కదా అంటే, "మగవాళ్ళు వండటం ఢిల్లీలో కనిపెట్టారా? మా అమలాపురంలో పెళ్ళికి వెయ్యిమందికి వండింది మగవాళ్ళే. వాళ్ళెవరూ గరిట నాకలేదు," అనేది. ఆవిడ దృష్టిలో వంటకి ఒకటే పరీక్ష. తిన్నవాడు మారు అడగాలి. రెండోసారి వడ్డించుకోని వంట వంటే కాదు. టీవీలో తిన్నవాళ్ళంతా ఒక్క చెంచా తిని "వాహ్!" అని చెంచా కింద పెట్టేస్తారు. "అంత బాగుంటే మారు అడగడేం?" అని అమ్మ ప్రశ్న. నాన్న పేపరు వెనకాల నుంచి, "అడిగితే ఆయన దగ్గర ఇంకో గిన్నె ఉండాలి కదా కామేశ్వరీ," అనేవారు.

నేను పదకొండో క్లాసులో ఉండగా ఒకరోజు సూద్ ఆంటీ ఊపిరాడకుండా మెట్లెక్కి వచ్చింది. ఆ కార్యక్రమం వాళ్ళు మా కాలనీలో పెళ్ళిళ్ళు జరిగే బరాత్ ఘర్‌లో షూటింగ్ పెడుతున్నారట. ఒక్కో రాష్ట్రం నుంచి ఒక్కో ఇల్లాలు, ఒక వంటకం, గంట టైము, టోపీ ఆయనే జడ్జి. "రావ్ బెహన్‌జీ, సౌత్ కీ తరఫ్ సే ఆప్. ఇడ్లీ దోసా బనా దీజియే బస్," అంది. నేను ఎగిరి గంతేసి తెలుగులో చెప్పాను. అమ్మ ముఖం గంటు పెట్టుకుంది. "ఇన్నేళ్ళుగా ఎదురింట్లో ఉంటోంది. మా ఇంట్లో ఎన్ని కూరలు తినిపోయింది! ఇడ్లీ తప్ప మనకింకేం రాదనా ఆవిడ ఉద్దేశం? చెప్పు, పనసపొట్టు కూర చేస్తానని చెప్పు." నాకు తల కొట్టేసినట్టయింది. టీవీ ముందు, టోపీ ఆయన ముందు, పనసపొట్టా? కనీసం మసాలా దోసె అయినా చెయ్యమ్మా అని కాళ్ళావేళ్ళా పడ్డాను, రెండు రోజులు అన్నం మానేశాను. మూడోరోజు ఆకలికి తట్టుకోలేక నేనే దిగొచ్చాను. దేశమంతా చూస్తుందట, మనవాళ్ళు వండేది ఇడ్లీ ఒక్కటే కాదని ఒక్కసారి చూపించాలట. ఆవిడ అంత పట్టుదలగా ఏదైనా అడగటం అంతకు ముందు నేనెరగను.

ఢిల్లీలో పనసకాయకి కరువు లేదు. చలి తగ్గిందంటే తోపుడుబండ్ల మీద "కటహల్, కటహల్" అని అమ్ముతారు. కానీ వాళ్ళు ముక్కలుగా కోస్తారు, మనకి కావలసింది పొట్టు. సన్నగా, కొబ్బరి కోరులా రావాలి. అమ్మ చేతులకీ కత్తికీ నువ్వులనూనె పూసుకుని, ముందురోజు వరండాలో పేపర్లు పరుచుకుని, రెండు గంటలు టకటకమని కొడుతూనే ఉంది. బంక జుట్టుకి అంటింది, కింద ఫ్లాటు వాళ్ళు కర్రతో పైకప్పు పొడిచారు. పొద్దున్నే లేచి అన్నం వండి, పెద్ద స్టీలు డబ్బాలో సర్దుకుంది. కూర ఉత్తదే ఎలా తింటాడు పాపం అని. ఆ డబ్బా కూడా నాకు సిగ్గే. మిగతావాళ్ళు క్రీముతో గులాబీపూలు చేసే గొట్టాలు పట్టుకెళుతుంటే మేం అన్నం మోసుకెళ్ళాం.

బరాత్ ఘర్ లోపల లైట్ల వేడికి ఒళ్ళు మాడిపోతోంది. ఎనిమిది బల్లలు, ఎనిమిది స్టవ్వులు, ఎనిమిది రకాల ఉల్లిపాయ వేగే వాసనలు. ఒక్కొక్కరికి ఒక సహాయకురాలిని పెట్టుకోవచ్చు, అమ్మకి నేను. అమ్మ పొట్టుని ఉప్పూ పసుపూ వేసి ఉడికించి, వార్చి, గట్టిగా పిండి, బాండీలో తిరగమోత వేసి అందులోకి జార్చింది. చింతపండు రసం పోసింది. ఇక మగ్గాక దింపి, ఆవ ముద్ద కలపడమే మిగిలింది. అప్పుడే సూద్ ఆంటీ మైకు దగ్గరకి రమ్మని పిలిచింది, పేరు చెప్పాలట. "కదపకు, మూత తియ్యకు, ఊరికే చూస్తూ ఉండు," అని నాకు చెప్పి అమ్మ వెళ్ళింది.

ఆ నిమిషంలోనే టోపీ ఆయన మా బల్ల దగ్గరికి వచ్చాడు. వెనకాల కెమెరా, పైనించి లైటు. మనిషి టీవీలో కంటే పొట్టిగా ఉన్నాడు, అత్తరు వాసన వేస్తున్నాడు. మూత ఎత్తి, నవ్వి, "బేటీ, నమక్ డాలా?" అన్నాడు. ఉప్పు వేశావా అని. వేశామండీ, ఉడికేటప్పుడే వేశాం అనాలి. నాకా తెలివి ఎక్కడేడ్చింది? కెమెరా నా మొహం మీదుంది. నేను ఉప్పు డబ్బాలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి, చెయ్యి తల కంటే ఎత్తుకి లేపి, వేళ్ళు ఆడిస్తూ, అద్దం ముందు నేర్చుకున్నట్టే జల్లుగా రాల్చాను. కెమెరా అతను బొటనవేలు చూపించాడు. టోపీ ఆయన "వాహ్, మేరీ నకల్!" అచ్చం నాలాగే అంటూ చప్పట్లు కొట్టి పక్క బల్లకి వెళ్ళిపోయాడు. ఆ తరవాత గానీ నేను చేసిందేమిటో నాకు తట్టలేదు. పై ప్రాణాలు పైనే పోయాయి. అమ్మ తిరిగొచ్చింది. చెబుదామని నోరు తెరిచి, చెప్పకుండా గిన్నె అందించాను. ఆవ ముద్ద కలిపేసింది.

కలిపి, ఎప్పటిలాగే బాండీ మీదికి వంగింది. ఆవిరి లాక్కుంది. ఒక్క క్షణం ఆగింది. చెమట తుడుచుకుంటున్నట్టు కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. కొంగు తీసేసరికి మొహంలో ఏమీ లేదు. "ఆ అన్నం డబ్బా ఇలా తే," అంది. అన్నం పళ్ళెంలో గుమ్మరించి, కూర అందులో వేసి, నువ్వులనూనె పోసి, నిమ్మకాయ పిండి, చేత్తో కలపడం మొదలుపెట్టింది. మిగతావాళ్ళు పింగాణీ పళ్ళేల మీద కొత్తిమీర ఆకులు అతికిస్తున్నారు. మా అమ్మ మోచేతి దాకా గాజులు ఎగదోసుకుని అన్నం కలుపుతోంది. టోపీ ఆయన చెంచా పట్టుకుని వచ్చాడు. అమ్మ చెంచా వద్దని తల ఊపి, చెయ్యి చాపమని సైగ చేసి, ఆయన అరచేతిలో ముద్ద పెట్టింది. హాలంతా గొల్లుమని నవ్వింది. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఆయన ఆ ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఆవ ఘాటు నషాళానికి అంటినట్టుంది, కళ్ళు చెమర్చాయి. మింగి, మళ్ళీ చెయ్యి చాపాడు. "ఔర్ హై?"

మారు అడిగాడు. మా అమ్మ మొహం అప్పుడు చూడాలి! రెండో ముద్ద మొదటిదానికంటే పెద్దది పెట్టింది. తింటూ ఆయన అడిగాడు, వండుతూ ఒక్కసారైనా రుచి చూశారా అని. అమ్మ తనకొచ్చిన హిందీలో, "నహీఁ జీ. పహలే భగవాన్," అంది. ముందు దేవుడికి అని. మరి ఉప్పు సరిపోయిందని ఎలా తెలిసింది అన్నాడు. అమ్మ వేలెత్తి తన ముక్కు చూపించింది. హాలు చప్పట్లతో మారుమోగిపోయింది. మొదటి బహుమతి సూద్ ఆంటీ మలై కోఫ్తాకి పోయింది, బరాత్ ఘర్ తాళాలు ఆవిడ దగ్గరే ఉండేవి కాబట్టి మేమెవరం ఆశ్చర్యపోలేదు. అమ్మకి రెండోది, సంతకం చేసిన పెట్టెలో పెనం. ఇంటికొచ్చాక అమ్మ కాళ్ళూ చేతులూ కడుక్కుని అల్మారాలో దేవుడి అర ముందు చాలాసేపు నిలబడింది. చెంపలు కూడా వేసుకుంది. గర్వం తలకెక్కకుండా కాబోలు అనుకున్నాను. నేను దుప్పటి కప్పుకుని పడుకున్నాను.

కార్యక్రమం టీవీలో వచ్చినరోజు మా రెండు గదుల్లో పాతికమంది కూర్చున్నారు. అంతసేపు షూటింగులో మా బల్ల కనిపించింది నిమిషం కూడా లేదు, అందులో ముందు వచ్చింది నా చెయ్యే. అది తెర మీద పైకి లేవడం చూసి నేను ఒక్క దూకు దూకి, రంగులు సరిచేస్తున్నట్టు టీవీకి అడ్డంగా నిలబడిపోయాను. "అరే హట్ నా!" అని అందరూ కేకలు. నేను పక్కకి జరిగేసరికి అమ్మ ముక్కు మీద వేలు పెట్టుకుని కనబడింది. ఇల్లంతా ఈలలు. బయటపడ్డాను బాబోయ్ అనుకున్నాను. ఆ మర్నాటి నుంచి అమ్మ ముక్కు కాలనీకి ఉమ్మడి ఆస్తి అయింది. ఎవరింట్లో పూజ ఉన్నా, ఎవరికి పెళ్ళిచూపులున్నా గిన్నె పట్టుకొచ్చేవాళ్ళు. "రావ్ ఆంటీ, జరా సూంఘ్ దీజియే." అమ్మ వాసన చూసి తీర్పు చెప్పేది. నేను ధౌలా కువాన్ దగ్గర కాలేజీలో చేరాక స్నేహితురాళ్ళకి, తరవాత ఆఫీసులో వాళ్ళకి, పెళ్ళయ్యాక అత్తగారికి, పుట్టాక తారకి, అందరికీ ఈ ముక్కు కథ చెప్పుకుంటూ వచ్చాను. ఉప్పు ఎవరు ఎక్కువ వేశారో మాత్రం ఎవరికీ చెప్పలేదు. అమ్మకి మొదటి బహుమతి రాకుండా చేసింది నేనేనన్న బాధ లోపల ఒక మూల ఉండనే ఉంది.

పెనం దొరికిన వారంలోనే తార పట్టుబట్టింది, ఆ కటహల్ వంట ఇప్పుడు చెయ్యాలని. ఫోనులో నొక్కితే పావుగంటలో పనసముక్కలు సంచీలో వచ్చి తలుపు దగ్గర దిగాయి. అమ్మ రెండు గంటలు కొట్టిన పొట్టు మిక్సీలో రెండు నిమిషాల్లో తయారైంది. చేతికి బంక లేదు, కింది ఇంటివాళ్ళ కర్ర లేదు. అప్పుడు బాగుండేది, ఇప్పుడు పాడైపోయింది అని నేను చచ్చినా అనను. కొట్టినవాళ్ళ చేతులు నేను చూశాను. ఇప్పటి టీవీ పోటీలంటే నాకు ఇష్టమే, ఆ ఏడుపులూ గడియారాలూ లేకపోతే. అమ్మకే పడవు. గోడంత పళ్ళెం మధ్యలో నిమ్మకాయంత ముద్ద పెట్టి, చుట్టూ మూడు చుక్కల పులుసు చల్లితే, "దిష్టి తీసి నాలుగు రోడ్ల కూడలిలో పెట్టినట్టుందే! ఇది తినాలా, దాటుకుని పోవాలా?" అంటుంది. ఆ మాట ఎప్పుడన్నా తార కుర్చీలోంచి జారిపడి నవ్వుతుంది.

కొత్త వంటింటి గుమ్మంలో అమ్మకి కుర్చీ వేశాం. తిరగమోత వేసి, ఉడికిన పొట్టు వేస్తూ, తారకి ఆ ముక్కు కథ మళ్ళీ ఎత్తుకున్నాను. ముక్కు చూపించి చప్పట్లు కొట్టించుకున్న చోటికి రాగానే అమ్మ కుర్చీలో అటూ ఇటూ కదిలింది. "ఆపవే ఇంక. ఎన్నిసార్లు చెబుతావు!" అంది విసుగ్గా. ఇప్పుడు కాకపోతే మరెప్పుడు అనిపించింది నాకు. పొయ్యి తగ్గించి, చేతులు తుడుచుకుని, "అమ్మా, ఆ రోజు ఉప్పు రెండోసారి వేసింది నేనే," అన్నాను. అమ్మ నా వంక జాలిగా చూసింది. "తెలుసులేవే. దేశమంతా టీవీలో చూసింది, నేను చూడనా? పైగా అడ్డంగా వెళ్ళి నిలబడ్డావు. దొంగ మొహం పెట్టుకుని!" తార పడీ పడీ నవ్వింది. నేను ముప్పై ఏళ్ళు మోసిన బరువు అలా ఒక్క మాటలో తేలిపోయింది. అంతలో అమ్మ కొంగుకొస వేలికి చుట్టుకుంటూ, మెల్లిగా, "నాదీ ఒకటుంది," అంది.

"వాసన చూసి కాదుటే నాకు తెలిసింది. ఆ హాల్లో ఎనిమిది పొయ్యిలు, దానికి తోడు ఆయన అత్తరు. నా ముక్కుకి ఏమీ అందలేదు. నీ మొహం చూస్తే పాలిపోయి ఉంది, ఏదో చేసి చచ్చిందని తెలిసింది. కొంగు అడ్డం పెట్టుకుని వేలు ముంచి నాకాను. ఉప్పు కషాయం! వెంటనే అన్నంలో కలిపేశాను."

నేను గరిట పక్కన పెట్టేశాను. "మరి ఆయన అడిగితే ముక్కు చూపించావేమ్మా!"

"అంతమంది ముందు నాకానని చెప్పమంటావా? ఆ టోపీ ఆయన్ని అన్నాళ్ళు తిట్టి! ఇంటికొచ్చి దేవుడి ముందు చెంపలు వేసుకున్నాను."

"దేవుడేమన్నాడు?" అన్నాను, నవ్వాలో ఏడవాలో తెలియక. అమ్మ కొంగుకొస వదిలేసింది. "ఏమీ అనలేదే. పైగా పెనం ఇచ్చాడు," అంది.

తార ఒక చెంచా తీసుకుని కుర్చీ దగ్గరికి వెళ్ళింది. "అమ్మమ్మా, ఒకసారి చేసేశావు కదా. ఔర్ ఏక్ బార్. ప్లీజ్." అంత తెలుగు దాని నోట్లోంచి ఒకేసారి రావడం అరుదు. అమ్మ చెంచా వంక చూసింది, పొయ్యి వంక చూసింది, అల్మారా బదులు ఇప్పుడు హాల్లో చెక్కమందిరంలో ఉన్న దేవుడి వంక చూసింది. మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. బాండీ దగ్గరికి వచ్చి ఆ చెంచాతో కాస్త కూర తీసి, అలవాటుగా ముక్కు దగ్గర పెట్టుకుని, మొహం ముడుచుకుని, నోట్లో వేసుకుంది. "చాల్లేదు," అంది. ఏడాదిగా ఆ మాట వినలేదు నేను. చిటికెడు ఉప్పు వేసింది. చేతిలో ఉన్న చెంచాతోనే గబగబా కలిపేసింది. మళ్ళీ చూసింది. "ఊఁ, ఇప్పుడు సరిపోయింది. ఆవ ముద్ద ఇటు తే, నువ్వు కలిపితే చేదెక్కుతుంది," అని నన్ను పక్కకి నెట్టింది.

అప్పుడు తార చెంచా వైపు వేలు చూపించి, టీవీ కంటే గట్టిగా, లిఫ్టు దాకా వినిపించేలా అరిచింది. "అమ్మమ్మా! ఎంగిలి మంగలం!"

దేవుడికి ఆ పూట అరటిపండుతో సరిపెట్టాం. కూర మేం ముగ్గురం తిన్నాం. మారు అందరికంటే ముందు అడిగింది అమ్మే.